పాత డీసీ ప్యానెల్ దగ్గరికి పిల్లోళ్లను పంపేముందు: మెయింటెనెన్స్ ఇంచార్జి సార్లకు బహిరంగ లేఖ

నమస్కారం సార్లూ, అన్నలూ.

ఉమ్మడి కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో సిమెంటు ఫ్యాక్టరీలు, స్టీలు మిల్లులు, పవర్ ప్లాంట్లలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూసుకునే ఇంచార్జీలకు, షట్‌డౌన్ పనులకు మనుషుల్ని పంపించే కాంట్రాక్టర్లకు ఈ ఉత్తరం రాస్తాండా. మీలో కొంతమందికి నేను తెలుసు, చానామందికి తెలీదు. నాది తాడిపత్రి, 31 ఏండ్లు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పని చేసినా, హెల్పర్‌గా చేరి ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా దిగినా. ఫ్యాక్టరీ పేరు ఇక్కడ రాయను, నాకు అన్నం పెట్టిన చోటు అది, ఈ మాట ఏ ఒక్క ఫ్యాక్టరీ గురించీ కాదు కూడా.

ఇప్పుడు రాయాల్సిన అవసరం ఏమొచ్చిందంటే, పోయిన నెల మా వీధిలో పిల్లోడు ఒకడు ఇంటికొచ్చినాడు, ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడు అయిపోయి రెండేండ్లు, ఒక కాంట్రాక్టర్ కింద షట్‌డౌన్ పనికి పోతాండాడంట, పాత డీసీ డ్రైవ్ (ఒకే దిక్కుకు పోయే కరెంటుతో మోటరు నడిపే సెట్టు) పీకేసి ఆ స్థానంలో ఏసీ (అటూ ఇటూ మారే కరెంటు) మోటరు, వీఎఫ్‌డీ (దాని స్పీడు మార్చే పెట్టె) పెట్టే పని. ఏదీ నీ సంచి చూపించరా అన్నా. నియాన్ టెస్టర్ ఒకటి, మామూలు క్లాంప్ మీటర్ ఒకటి, కటింగ్ ప్లేయర్, స్పానర్ సెట్టు. అంతే. గ్లౌజులేవిరా అంటే నవ్వినాడు. "డీసీనే గదా పెద్నాయనా, బ్యాటరీ మాదిరే గదా, ఏసీ అంత డేంజర్ కాదంట" అన్నాడు. ఎవరు చెప్పినార్రా అంటే మా సూపర్‌వైజర్ సార్ చెప్పినాడు అన్నాడు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు సార్, నిజంగా చెప్తాండా.

ఎందుకంటే ఆ సంచిలో ఉన్న రెండు మీటర్లూ డీసీ దగ్గర అబద్ధం చెప్తాయి. మామూలు క్లాంప్ మీటర్ లోపల ఉండేది కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, మారుతా ఉండే కరెంటునే అది చూస్తాది, డీసీ కేబుల్‌లో 300 ఆంపియర్లు పోతాన్నా దానికి కనపడేది దాదాపు సున్నానే. డీసీ చూడాలంటే హాల్ ఎఫెక్ట్ రకం క్లాంప్ (తీగ చుట్టూ ఉండే అయస్కాంత బలాన్ని చూసి కొలిచేది) కావాల, డీసీ ఆంపియర్ల గుర్తు దాని మీదే ఉంటాది. ఇంక నియాన్ టెస్టర్ సంగతి. ఏసీ మీద అది మన ఒంటి గుండా, చెప్పుల గుండా భూమికి పోయే రవ్వంత కెపాసిటివ్ కరెంటుతో (మధ్యలో తీగ తగలకున్నా ఏసీ పోగల దారి) కూడా వెలుగుతాది, అందుకే చెక్క స్టూలు మీద నిలబడినా వెలుగుతాది. డీసీకి ఆ దారి లేదు. పైగా మన ఫ్యాక్టరీల్లో 220 ఓల్టుల బ్యాటరీ సప్లై ప్లస్సూ మైనస్సూ రెండూ భూమికి కట్టకుండా ఉంటాది, దాని మీద టెస్టర్ పెడితే వెలగకపోవచ్చు. వెలగలేదు, లైను డెడ్ అని పిల్లోడు చెయ్యి పెడతాడు. టెస్టర్ చేసే పనే టెస్టర్ చేసింది, దాన్ని అక్కడికి పంపించినోళ్లది తప్పు.

ఇంకొక సంగతి, మల్టీమీటర్ ఉన్నోళ్లు కూడా నాబ్ ఏసీ మీదనే పెట్టి వదిలేస్తారు, రోజూ చేసే పని ఏసీనే కాబట్టి. ఆ నాబ్ అట్లనే ఉండగా బ్యాటరీ మీద పెడితే చానా మీటర్లు సున్నా దగ్గర్లోనే చూపిస్తాయి. మా పాత సార్ ఒకాయన నేర్పించినాడు, ముందు ఎక్కడైనా వోల్టేజ్ ఉందని తెలిసిన చోట మీటర్ పెట్టి చూడు, తర్వాత పని చేసే చోట చూడు, మళ్లీ వచ్చి తెలిసిన చోట చూడు, అప్పుడే ఆ సున్నాను నమ్ము అని. డీసీ పనికైతే ఆ తెలిసిన చోటు కూడా డీసీనే కావాల, పక్కన ఏసీ సాకెట్లో చూసుకుని వస్తే లాభం లేదు. 31 ఏండ్లలో నేను ఈ అలవాటు తప్పింది ఒక్కసారే, అది కింద చెప్తా.

డీసీ పాతబడిపోయింది, ఎవరు వాడతాండారు అనుకుంటారు గానీ అది అంత తొందరగా పోదు సార్. న్యూయార్కులో ఎడిసన్ 1882లో మొదలుపెట్టిన డీసీ సప్లై పూర్తిగా ఆగిపోయింది 2007 నవంబరులో, అంటే 125 ఏండ్లు. బొంబాయిలో 1925 ఫిబ్రవరిలో మొదటి కరెంటు రైలు నడిచింది 1500 ఓల్టుల డీసీ మీదనే, అక్కడ దాన్ని 25 వేల ఓల్టుల ఏసీకి మార్చే పని ఈ మధ్య వరకూ సాగింది. మన పక్క కిల్న్ (సిమెంటు కాల్చే తిరిగే కొలిమి) మోటర్లు, రోలింగ్ మిల్లు మోటర్లు, పాత క్రేన్లు, సబ్‌స్టేషన్ బ్యాటరీలు, గుంతకల్లు మీదుగా పోయే పాత రకం రైలు పెట్టెల్లో 110 ఓల్టుల లైట్లు ఫ్యాన్లు, ఇవన్నీ డీసీనే. యంత్రాలు ఉన్నాయి, వాటి గురించి తెలిసినోళ్లు రిటైర్ అయిపోయినారు. డ్రాయింగులు ఎలకలు కొట్టినాయి, లేకుంటే 20 ఏండ్ల కింద ఎవరో ప్యానెల్లో వైరింగ్ మార్చి డ్రాయింగులో మార్చకుండా పోయినారు. ఇప్పుడు ఒక్కొక్కటే పీకేసే రోజులు వచ్చినాయి. పాత డీసీ యంత్రం నడిచినన్ని రోజులు దాని జోలికి ఎక్కువగా ఎవరూ పోలేదు, కాబట్టి చానామందికి ఏం కాలేదు. పీకే రోజే దాని లోపల చెయ్యి పెట్టేది, అదీ దాన్ని ఎన్నడూ చూడని పిల్లోడు.

నాకు డీసీ అంటే ఏందో మొదట తెలిసింది ఫ్యాక్టరీలో కాదు, గుంతకల్లులో. మా నాయన అక్కడ ఒక టాకీసులో ప్రొజెక్టర్ ఆపరేటర్. అప్పట్లో ప్రొజెక్టర్‌లో బల్బు లేదు, కార్బన్ కడ్డీలు, రాగి పూత పూసినవి, రెక్టిఫయర్ నుంచి డీసీ వస్తాది, రెండు కడ్డీలు ముందు ఆనించి తర్వాత కొంచెం వెనక్కి లాగితే మధ్యలో తెల్లగా మంట నిలబడేది. ఊరంతా చూసే బొమ్మ ఆ మంట వెలుతురులోనే. నేను నల్లద్దం పెట్టుకుని ఆ చిన్న కిటికీలో చూసేవాణ్ణి. 50, 60 ఓల్టుల మంట, కానీ ఆ కడ్డీ కొనలో మూడున్నర వేల డిగ్రీల వేడి. రాగి 1085 డిగ్రీలకే కరిగిపోతాది, ఆలోచించండి. మా నాయన అనేవాడు, "అబ్బీ, దీన్ని ఒకసారి పుట్టిస్తే అదంతటది పోదు, మనం దూరం లాగాల, లేకుంటే కరెంటు ఆపాల" అని.

అదే సార్ అసలు విషయం. ఏసీ కరెంటు 50 సైకిళ్లలో సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తాది, స్విచ్ తెరిచినప్పుడు మంట లేచినా ఆ సున్నా దగ్గర ఊపిరి ఆగి చచ్చిపోతాది. డీసీకి సున్నా లేదు. స్విచ్ తెరిచినా గాలిలోనే దారి చేసుకుని మండతా ఉంటాది, కాంటాక్టును తినేస్తా ఉంటాది. అందుకే పాత డీసీ కాంటాక్టర్లకు (కాయిల్‌తో తెరిచి మూసే పెద్ద స్విచ్‌లు) బ్లోఔట్ కాయిల్ ఉంటాది, అయస్కాంతంతో మంటను పైకి తోసి ఆర్క్ షూట్‌లోకి లాగి ముక్కలు ముక్కలు చేసి ఆర్పుతాది. ఆ ఆర్క్ షూట్ ఏదో మూత మాదిరి ఉంటాది కాబట్టి, క్లీనింగ్‌కు ఊడదీసి, మళ్లీ పెట్టడం కష్టమని పక్కన పడేసినోళ్లను నేను ఇద్దరు ముగ్గుర్ని చూసినా. అది లేకుండా ఆ కాంటాక్టర్ లోడు మీద తెరిస్తే ప్యానెల్ ముందర ఉన్నోడి మొహం మీదకే మంట. ఇంకా చెప్పాలంటే ఆ పాత షూట్లు చానా వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటాది, కంప్రెసర్ గాలి కొట్టి శుభ్రం చేయొద్దండి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంటే బయటికి రాదు. మేము ఏండ్ల తరబడి గాలి కొట్టినాం, మాకు చెప్పినోళ్లు లేరు. మీకు నేను చెప్తాండా.

ఇంక ఇది అందరూ చేసే తప్పు. పాత డీసీ స్విచ్ కాలిపోతే బజార్లో దొరికే మామూలు ఏసీ ఎంసీబీ (షార్ట్ అయితే తనంతట తానే తెరుచుకునే స్విచ్) తెచ్చి బిగించడం. 16 ఆంపియర్లు, 240 ఓల్టులు అని ఉంది గదా, మాది 220 ఓల్టులే గదా అంటారు. ఆ 240 ఏసీకి సార్. అదే ఎంసీబీకి డీసీ రేటింగ్ అంటా ఉంటే చానా వాటికి ఒక పోల్‌కు 48, 60 ఓల్టులు మాత్రమే. 220 డీసీ మీద షార్ట్ అయితే అది తెరుచుకుంటాది, తెరుచుకుని లోపల మండతా ఉంటాది, డబ్బా కరిగి పడేదాకా. డీసీ ఎంసీబీ అని కొన్నా కూడా కొన్నిట్లో అయస్కాంతం పెట్టి ఉంటారు, ప్లస్ మైనస్ గుర్తు వేసి ఉంటారు, తిరగేసి కడితే మంటను ఆర్క్ షూట్‌లోకి తోయాల్సింది ఎదురు దిక్కుకు తోస్తాది. ఆ గుర్తు చూడకుండా కట్టిన ప్యానెళ్లు మన మూడు జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో మీరే ఒకసారి మీ ప్యానెల్ తలుపులు తెరిచి చూడండి. ఏసీ లైన్లకు పెట్టే మామూలు ఆర్‌సీసీబీ (లీకేజీ కరెంటు పసిగట్టి ఆపే స్విచ్) ఉంది గదా అన్న ధీమా కూడా వద్దు, సాఫీ డీసీ లీకేజీని అది పసిగట్టదు.

ఇప్పుడు ఆ ఒక్కసారి గురించి చెప్తా. ఇది రాయడానికే ఇంతసేపు చుట్టూ తిరిగినా అనుకోండి.

1997 వేసవి. కిల్న్ షట్‌డౌన్‌లో ఉంది. కిల్న్ మెయిన్ మోటరు డీసీ, దానికి ఫీల్డ్ (అయస్కాంతం పుట్టించే కదలని కాయిల్) కనెక్షన్లు మార్చే పని ఉంది. నా కింద ఒక పిల్లోడు, 23 ఏండ్లు, నెమ్మదస్తుడు, చెప్పిన మాట వినేవాడు. ఎల్సీ (లైన్ క్లియర్, కరెంటు ఆపినాం పని చేసుకోవచ్చు అని రాసిచ్చే కాగితం) ఇచ్చింది నేనే. ఆర్మేచర్ (మోటరులో తిరిగే భాగం) బ్రేకర్ ఆఫ్ చేయించి, ర్యాక్ ఔట్ చేయించి (బ్రేకర్‌ను ప్యానెల్ నుంచి బయటికి లాగించి), ట్యాగ్ వేసి, కాగితం మీద సంతకం పెట్టి, పోయి పని చేసుకోపో అన్నా. మోటరు నిలబడి ఉంది, వారం నుంచి తిరగలేదు. ఫీల్డ్ సప్లై మాత్రం వేరే ఫీడర్ నుంచి వస్తాది. డీసీ మోటర్లు ఆగి ఉన్నప్పుడు కూడా ఫీల్డ్‌కు తగ్గించిన కరెంటు ఇస్తా ఉంటారు, వైండింగ్ తేమ పట్టకుండా వెచ్చగా ఉండాలని, ఫీల్డ్ ఎకానమీ అంటాం దాన్ని. నాకు తెలుసు ఆ సంగతి. అందరికంటే బాగా నాకే తెలుసు. ఆ రోజు పది పనులు ఒకేసారి, నేను పోయి ఫీల్డ్ టెర్మినల్ మీద మీటర్ పెట్టి చూడలేదు.

పిల్లోడు టెర్మినల్ బాక్స్ తెరిచి నట్టు ఊడదీసి లగ్గు (కేబుల్ కొనకు ఉండే లోహపు బిళ్ల) పట్టుకుని లాగినాడు. ఫీల్డ్ కరెంటు పట్టుమని 10 ఆంపియర్లు కూడా లేదు. కానీ ఫీల్డ్ వైండింగ్ అంటే వందల చుట్లు ఉన్న పెద్ద కాయిల్, దాంట్లో కరెంటును ఒక్కసారిగా తెంపితే అది ఒప్పుకోదు, వోల్టేజీని వేలకు పెంచి అయినా సరే దారి చేసుకుంటాది. నీలం మంట లేచింది, ఒక చెయ్యి లగ్గు మీద, ఇంకో చెయ్యి మోటరు బాడీ మీద. డీసీ దెబ్బ తగిలినప్పుడు, వదిలినప్పుడు ఒక్కొక్క కుదుపు ఇస్తాది, ఆ కుదుపుకి ప్లాట్‌ఫారం మీద నుంచి వెనక్కి పడినాడు. కుడి చెయ్యి మూడు వేళ్లు, అరచెయ్యి కాలినాయి, భుజం దగ్గర ఎముక విరిగింది. బతికినాడు. ఆ చేతితో ఇప్పటికీ పిడికిలి పూర్తిగా ముయ్యలేడు. వాళ్లమ్మ ఆసుపత్రి వరండాలో నన్ను ఒక్క మాట కూడా అనలేదు, "నువ్వు తిన్నావా నాయనా" అని అడిగింది. నేను ఆ మాట మర్చిపోలేదు.

విచారణలో పిల్లోడి అజాగ్రత్త అని రాసినారు. పిల్లోడిది కాదు, నాది అని నేను నోటితో చెప్పినా, కాగితం మీదకు అది రాలేదు. ఇన్నేండ్లకు ఇక్కడ రాస్తాండా.

అప్పటి నుంచి మా సెక్షన్లో ఎల్సీ కాగితం మార్చినాం. మోటరు పేరు రాసి ఆఫ్ అని టిక్కు పెట్టడం మానేసినాం. ఆ యంత్రంలోకి ఎన్ని దారుల్లో కరెంటు వస్తాందో ఒక్కొక్క దారి పేరు విడివిడిగా, ఎక్కడ ఆపినాం, ఎవరు తాళం వేసినారు, మీటర్ పెట్టి ఎవరు చూసినారు, ఎంత చూపించింది అని రాసేది. ఒక డీసీ మోటరుకే లెక్క వేస్తే ఆర్మేచర్ ఒకటి, ఫీల్డ్ ఒకటి, కూలింగ్ బ్లోయర్ మోటరుకు 415 ఏసీ ఒకటి, స్పేస్ హీటర్‌కు 230 ఏసీ ఒకటి, కంట్రోల్‌కు బ్యాటరీ నుంచి 110 గానీ 220 గానీ డీసీ ఇంకొకటి, ఐదు దారులు. ఒకటి ఆపి యంత్రం ఆఫ్ అంటాండాం మనం. సార్లూ, ఈ ఉత్తరంలో మిగతాదంతా మర్చిపోయినా పర్వాలేదు, ఈ కాగితం ఒక్కటి మీ దగ్గర మార్చండి.

వార్డ్ లియోనార్డ్ సెట్లు ఇంకా ఉన్న చోట ఇంకొక జాగ్రత్త. ఏసీ మోటరు డీసీ జనరేటర్‌ను తిప్పతాది, దాని నుంచి పెద్ద మోటరుకు సప్లై. ఏసీ ఆఫ్ చేస్తే సెట్టు వెంటనే ఆగదు, అంత బరువు నిమిషాల తరబడి తిరుగుతానే ఉంటాది, తిరిగినంతసేపు అది జనరేటరే. ఫీల్డ్ తీసేసినా ఇనుములో మిగిలిన అయస్కాంతం వల్ల కొన్ని ఓల్టులు పుడతానే ఉంటాయి. షాఫ్టు నిలబడింది అని కంటితో చూసినాకనే చెయ్యి పెట్టాల. అట్లనే, నడిచే షంట్ మోటరుకు (ఫీల్డ్‌ను ఆర్మేచర్‌కు సమాంతరంగా కట్టిన డీసీ మోటరు) ఫీల్డ్ ఊడిపోతే మోటరు ఆగదు, స్పీడు అందుకుంటాది, ఆర్మేచర్ చీలిపోయేదాకా పోవచ్చు. ఐటీఐలో త్రీ పాయింట్ స్టార్టర్ (డీసీ మోటరును మెల్లగా స్టార్ట్ చేసే హ్యాండిల్ పెట్టె) చూపించినప్పుడు హ్యాండిల్‌ను పట్టి ఉంచే ఆ హోల్డింగ్ కాయిల్ ఫీల్డ్‌తో సిరీస్‌లో ఎందుకు ఉందో మాస్టార్లు చెప్తారు గదా, ఫీల్డ్ పోతే హ్యాండిల్ వెనక్కి వచ్చేయాలని. ఆ హ్యాండిల్‌కు దారం కట్టి నిలబెట్టిన వర్క్‌షాపును కూడా నేను చూసినా.

బ్యాటరీ రూము గురించి చెప్పకుండా వదల్లేను. పిల్లోళ్లు ఎక్కువ తేలిగ్గా తీసుకునేది ఇక్కడే. 220 ఓల్టుల బ్యాటరీ అంటే 2 ఓల్టుల సెల్స్ 110 వరసగా, ఛార్జర్ ఫ్లోట్‌లో (బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచే సన్నటి ఛార్జింగ్) ఉన్నప్పుడు మీటర్ 240 దాటి చూపిస్తాది. దీనికి ఆఫ్ స్విచ్ లేదు సార్. ఛార్జర్ ఆపొచ్చు, ఫ్యూజులు తీయొచ్చు, సెల్స్ మాత్రం అట్లనే బతికుంటాయి. స్పానర్ జారి రెండు టెర్మినళ్ల మధ్య పడితే వేల ఆంపియర్లు. అది పడింది నేను చూసినా, స్పానర్ వెల్డ్ అయి అతుక్కుపోయింది, సీసం పోస్టు కరిగి యాసిడ్ చిందింది, పక్కన ఉన్నోడు కండ్లద్దాలు పెట్టుకుని ఉండబట్టి చూపు దక్కింది. స్పానర్‌కు పిడి అంతా ఇన్సులేషన్ ఉండాల, ఒక కొన మాత్రమే బయట ఉండాల. వాచీ, ఉంగరం, మెడలో గొలుసు, మొలతాడుకు ఉన్న తాళాలు అన్నీ బయట పెట్టి పోవాల. లింకులు ఊడదీసేముందు లోడు, ఛార్జర్ రెండూ ఆపాల, మొదట మధ్య లింకు తీసి బ్యాటరీని రెండు ముక్కలు చేయాల, తర్వాత ఇంకా చిన్న ముక్కలు, అప్పుడు చెయ్యి పెట్టే చోట ఓల్టులు తక్కువ ఉంటాయి.

ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తాది, గాలిలో 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలుతాది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కాలిపోయి ఆరు నెలలైనా మార్చని రూములు ఉన్నాయి. మన అనంతపురం ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో ఆ రూముల్లో నీళ్లు కూడా తొందరగా ఆవిరైపోతాయి, టాపప్‌కు మనిషి ఎక్కువసార్లు పోవాల్సి వస్తాది, చెమటకు గ్లౌజులు తీసేస్తాడు, తడి చేతికి కరెంటు ఇంకా బాగా పాకుతాది. ఎండాకాలంలో ఆ పని పొద్దున్నే 6 గంటలకు పెట్టండి, మధ్యాహ్నం పెట్టొద్దండి. యాసిడ్ కలిపేటప్పుడు నీళ్లలోకి యాసిడ్ కొంచెం కొంచెంగా పోయాల, యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. గుమ్మం దగ్గర కండ్లు కడుక్కోవడానికి నీళ్లు ఎప్పుడూ ఉండాల, బకెట్టు ఖాళీగా బోర్లించి ఉండకూడదు.

ఆ బ్యాటరీ సప్లై భూమికి కట్టలేదు అని పైన చెప్పినా గదా, దాని వల్ల ఒక దొంగ ధైర్యం వస్తాది. పాత చేతులు కొన్ని పిల్లోళ్ల ముందర ఒక్క తీగను వేలితో ముట్టుకుని చూపిస్తాయి, చూడు ఏం కాలేదు అని. కాలేదు, ఎందుకంటే ఆ రోజు ఇంకో పక్క ఎక్కడా భూమికి తగల్లేదు. యార్డులో ఎక్కడో ఒక జంక్షన్ బాక్సులోకి వాన నీళ్లు పోయి మైనస్ భూమికి తగిలితే ఆ రోజు ప్లస్ ముట్టుకున్నోడికి మొత్తం 220 తగులుతాది. పాత ప్యానెల్ మీద రెండు బల్బులు ఉంటాయి చూడండి, మధ్యలో ఎర్త్ చేసి ఉంటాది, బాగున్నప్పుడు రెండూ సమానంగా మసకగా వెలుగుతాయి, ఒక పక్క భూమికి తగిలితే ఆ పక్క బల్బు ఆరిపోయి రెండోది గట్టిగా వెలుగుతాది. ఆరిపోయిన బల్బును చూసి బల్బు పోయింది అని మార్చబోయినోళ్లు ఉన్నారు. అది ఫాల్టు. మొదటి ఫాల్టుకు ఏమీ ట్రిప్ కాదు కాబట్టి నెలలు అట్లనే వదిలేస్తారు, రెండోది పడిన రోజు ఏ రిలే ఎందుకు పనిచేసిందో ఎవరికీ అర్థం కాదు. అట్లని ఫాల్టు వెతకడానికి ఫ్యూజులు ఒక్కొక్కటే పీక్కుంటా పోకూడదు, బ్రేకర్లను తెరిపించే ట్రిప్ కాయిళ్లు బతికేది ఆ డీసీ మీదనే, అది పోతే హెచ్‌టీ (హై టెన్షన్) లైన్లో షార్ట్ అయినా బ్రేకర్ తెరుచుకోదు. కంట్రోల్ రూము వాళ్లకు చెప్పి, వాళ్లు సరే అన్నాకనే చేయాల.

డీసీ చంపదు అనే మాట గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్తా. గుండెను లయ తప్పించడానికి ఏసీ కంటే డీసీ ఎక్కువ కరెంటు కావాల, ఇది నిజమే, పుస్తకాల్లో ఉన్నదే. ముట్టుకోవచ్చు అనుకునే హద్దు కూడా పొడి చోట ఏసీకి 50 ఓల్టులు అయితే డీసీకి 120 అని పెట్టినారు. ఆ సగం నిజాన్ని పట్టుకునే సూపర్‌వైజర్ సార్ పిల్లోడికి ధైర్యం చెప్పినాడు. మన ప్యానెళ్లలో ఉండేది 220, 440, ఇంకా పైన. అది చంపుతాది. చంపకపోయినా మంట కాలుస్తాది, కుదుపు కింద పడేస్తాది.

ఈ పాత డీసీ తీసేసి వీఎఫ్‌డీ పెట్టేసినాం, ఇంక మాకు డీసీ లేదు అనుకునేవాళ్లకు ఒక్క మాట. ఆ వీఎఫ్‌డీ లోపల 415 ఏసీని డీసీ చేసి కెపాసిటర్లలో నింపుతారు, సుమారు 587 ఓల్టులు. ఆఫ్ చేసినాక కూడా కొన్ని నిమిషాలు ఉంటాది, ఎన్ని నిమిషాలు ఆగాలో దాని మూత మీదనే రాసి ఉంటాది. ఇంక సోలార్. కర్నూలు పక్క గని, శకునాల ఊర్ల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చినాక మన పక్క పిల్లోళ్లు వందల మంది ఆ పనుల్లోకి పోతాండారు. 1000, 1500 ఓల్టుల డీసీ స్ట్రింగులు (వరసగా కట్టిన సోలార్ పలకలు), ఎండ ఉన్నంతసేపు ఆఫ్ చేసే దారే లేదు, లోడు మీద కనెక్టర్ ఊడబీకితే మా నాయన ప్రొజెక్టర్‌లో మంటే అక్కడ కూడా లేస్తాది.

ఐటీఐ మాస్టార్లకు కూడా ఈ ఉత్తరం చేరితే చెప్తాండా, మీరు డీసీ మెషిన్లు బాగానే నేర్పిస్తారు, షంటు, సిరీస్, కాంపౌండ్, స్పీడ్ కంట్రోల్ అన్నీ. స్టార్ట్ చేయడం నేర్పిస్తారు. ఆపినాక దాన్ని ఎట్ల డెడ్ చేయాలో, డెడ్ అయ్యిందని ఎట్ల తెలుసుకోవాలో ఒక్క పూట విడిగా చేయించండి. దానికి ఖర్చు లేదు. పాత ఫీల్డ్ కాయిల్ ఒకటి తీసుకుని 12 ఓల్టుల బ్యాటరీకి కట్టండి, కాయిల్ మీద ఒక నియాన్ బల్బు కట్టండి. బ్యాటరీ ఉన్నంతసేపు బల్బు వెలగదు, దానికి 60, 90 ఓల్టులన్నా కావాల. ఇన్సులేషన్ పిడి ఉన్న క్లిప్పుతో బ్యాటరీ తీగ లాగండి, బల్బు ఒక్కసారి మెరుస్తాది. 12 ఓల్టుల నుంచి 90 ఎక్కడి నుంచి వచ్చింది అని పిల్లోళ్లే అడుగుతారు. 1997లో నా దగ్గర పని చేసిన పిల్లోడికి ఇది ఎవరన్నా ఒకసారి చూపించి ఉంటే లగ్గు లాగేముందు ఒక్క క్షణమన్నా ఆగేవాడేమో.

మా వీధి పిల్లోడు ఆ పనికి పోయినాడు సార్. పోయేముందు నా మీటర్ ఇచ్చినా, హాల్ ఎఫెక్ట్ క్లాంప్ ఇచ్చినా, నా గ్లౌజులు ఇచ్చినా, వెయ్యి ఓల్టుల గ్లౌజులు, గాలి ఊది పట్టుకుని చిల్లి ఉందో లేదో ఎట్ల చూడాలో చూపించినా. ఐదు దారులూ ఒక కాగితం మీద రాసిచ్చి, ఐదింటికీ మీటర్ చూసినాకనే పని మొదలుపెట్టు, ఎవరన్నా తొందర చేస్తే నా పేరు చెప్పు అన్నా. రాత్రి ఫోన్ చేసినాడు. నాలుగు దారులకు తాళం వేసినారంట, ఐదోది స్పేస్ హీటర్, దాని స్విచ్ ఎక్కడుందో అక్కడ ఎవరికీ తెలీదంట, వెతికి పట్టుకునేసరికి మధ్యాహ్నం దాటిందంట, సూపర్‌వైజర్ సార్ చికాకు పడినాడంట గానీ ఆగినాడంట. ఆ సార్ ఎవరో నాకు తెలీదు, ఆయనకు నా దండాలు.

మీలో ఎవరి దగ్గరన్నా డీసీ డ్రైవ్ పీకే పని ఉంటే, బ్యాటరీ మార్చే పని ఉంటే, మొదలుపెట్టేముందు రోజు నన్ను పిలవండి. కడప అయినా, యర్రగుంట్ల అయినా, హిందూపురం అయినా బస్సెక్కి వస్తా, డబ్బులు వద్దు. మీ దగ్గర పిల్లోళ్లను ఒక గంట కూర్చోబెట్టండి చాలు. కాయిల్, నియాన్ బల్బు నా సంచిలోనే ఉంటాయి, 12 ఓల్టుల బ్యాటరీ మాత్రం బరువు, అది మీరు పెట్టండి.

ఇట్లు,
తాడిపత్రి నుంచి ఒక రిటైర్డ్ ఎలక్ట్రికల్ ఫోర్‌మన్